ఆర్వో అడగవలసిన ప్రశ్న

అక్టోబరులో ఒక మధ్యాహ్నం మా వంటగది బల్లకు అటు నా భర్త ఆర్వో, ఇటు నేను కూర్చున్నాం. నేను డాక్టరును, అతను రోగి. అతను నిజంగానే రోగి కాబట్టి నటించవలసింది నేనొక్కదాన్నే.

"ఊఁ, అడుగు," అన్నాను.

"ఏమడగాలి?"

"నిన్న ఫోన్‌లో కొలీన్ ఏం నేర్పింది?"

"కొలీన్ నేర్పింది కొలీన్‌నే అడగమను. ఆవిడకి జీతమిస్తున్నారుగా."

కొలీన్ టొరంటో నుంచి ఫోను చేసే నర్సు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధన చేస్తున్నారు. ముదిరిన క్యాన్సర్ ఉన్న మనిషికి తనకెంత కాలం మిగిలిందో తెలిస్తే, అతను తీసుకునే వైద్యం మారుతుందా, మారితే ఎంత మారుతుంది అన్నది కొలవడం వాళ్ళ పని. చేరినవాళ్ళను చీటీలు తీసి రెండు గుంపులు చేశారు. ఒక గుంపును వాళ్ళ మానాన వదిలేశారు. రెండో గుంపులో వాళ్ళకు, డాక్టరును ఏమేం అడగాలో ముందే నేర్పి సాధన చేయిస్తారు. డాక్టరు గదిలో జరిగే మాటలన్నీ రికార్డు చేసుకుంటారు. మేము రెండో గుంపులో పడ్డాం.

ఆర్వోకు క్లోమంలో మొదలైన జబ్బు కాలేయానికి పాకింది. వేసవంతా ఎక్కించిన మందు పని చేయడం మానేసింది. వచ్చే సోమవారం నుంచి వేరే మందు మొదలుపెడదామన్నారు. వారం వారం ఎక్కించాలి కాబట్టి ఊరు దాటి వెళ్ళడానికి ఉండదు.

నాకు మాత్రం అతన్ని క్యాంపుకు తీసుకువెళ్ళాలని ఉంది. సరస్సు ఒడ్డున ఉండే చెక్క ఇంటిని మా వైపు క్యాంపు అంటారు. మాది ఊరికి రెండు గంటల దూరం, చివర కంకర రోడ్డు. ఆర్వో తండ్రి కట్టాడు. కాగితం మిల్లులో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆర్వో శుక్రవారం హూటరు మోగగానే అక్కడికే పరుగు తీసేవాడు. మంచు పడి రోడ్డు మూసుకుపోయేలోగా అక్కడికి వెళ్ళి, ఉన్న రోజులు అక్కడే ఉండాలని నా కోరిక. తనకెంత కాలం ఉందో తెలిస్తే అతనూ అదే కోరతాడని నాకు ఏ సందేహమూ లేదు. అందుకే ఆ ప్రశ్న అతని నోటి నుంచి రావాలి. జవాబు శుక్రవారమే రావాలి. సోమవారం సూది గుచ్చాక ఆలస్యమైపోతుంది.

"ఆర్వో, ఒక్కసారి. ఆ ఒక్క వాక్యం."

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. "డాక్టరు గారూ, నాకింకా ఎంత కాలం ఉంది?"

వాక్యం తప్పు లేకుండా వచ్చింది. డాక్టరుగా నేను జవాబు చెప్పాలి. నేను లేచి ఓవెన్ తలుపు తెరిచి రొట్టె చూశాను. అది అప్పటికింకా తెల్లగానే ఉంది.

"చూశావా టీచరమ్మా," అన్నాడు వెనక నుంచి. "డాక్టరుకే తెలీదు. పాపం ఆయన్నెందుకు ఏడిపించడం?"

అతను నవ్వుతున్నాడు. నేను ఓవెన్ వైపే తిరిగి ఉన్నాను.

ఫిన్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ మా వాళ్ళు చావు గురించి నేరుగా అడగరు. పని గురించి అడుగుతారు. ఆర్వో తండ్రి ఆఖరి శరత్కాలంలో మంచం మీద నుంచి భార్యను అడిగాడట, ఈ చలికాలానికి కట్టెలు ఎన్ని కొట్టించాలని. "సగం చాలు," అంది మా అత్తగారు. ఆ ఇంట్లో ఆ సంగతి మీద అంతకుమించి మాట రాలేదు. ఆయన జనవరిలో పోయాడు. ఆర్వో ఆ కథ చెప్పినప్పుడల్లా తల్లిదండ్రులను మెచ్చుకుంటున్నట్టే చెప్పేవాడు.

శుక్రవారం డాక్టర్ ట్రెంబ్లే గదిలో మా ఇద్దరికీ పక్కపక్కన కుర్చీలు వేశారు. రికార్డరు బల్ల మీద, ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బా పక్కన ఉంది. దాని మీద చిన్న ఎర్ర దీపం. డాక్టరు నలభై లోపు మనిషి, మా ఊరు వచ్చి ఏడాది కాలేదు. కంప్యూటరు తెర మా వైపు తిప్పి కాలేయం చూపించాడు. పాత మచ్చలు పెరిగాయన్నాడు, కొత్తవి రెండు వచ్చాయన్నాడు. తర్వాత కొత్త మందు గురించి మొదలుపెట్టాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, నోరు పూస్తుంది, వాంతులకు మాత్రలిస్తాం, జ్వరం వస్తే వెంటనే రావాలి. మంచివాడే. ఏదీ దాచలేదు. కాలం సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆర్వో ప్రతిదానికీ తలూపుతున్నాడు. మోకాలి మీద పెట్టుకున్న టోపీ అంచును బొటనవేలితో రుద్దుతున్నాడు. నేను అతని వైపు చూడకుండా ఆ బొటనవేలినే చూస్తున్నాను.

"సరే అయితే," అన్నాడు డాక్టరు. "సోమవారం తొమ్మిదింటికి. మీరేమైనా అడగాలా?"

టోపీ మీద వేలు ఆగింది.

"మాకు సరస్సు మీద ఒక రేవుంది," అన్నాడు ఆర్వో. "పడవ కట్టుకునేది. చెక్కది."

"ఓ, మంచిది."

"చలికాలం నీళ్ళలో వదిలేస్తే మంచు గడ్డకట్టి దాన్ని నుజ్జు చేసేస్తుంది. అందుకని ఏటా తీసి ఒడ్డున పెడతాం. ఈ నెల మొదట్లో థాంక్స్‌గివింగ్ పండక్కి తీసేశాం. మళ్ళీ మే నెలలో, మంచు కరిగాక వెయ్యాలి." టోపీ మోకాలి మీద నుంచి తీసి పట్టుకున్నాడు. "ఈసారి నేనే వేస్తానా అని."

అడిగేశాడు. మేము సాధన చేసిన వాక్యం కాదు గాని, ఆర్వో జన్మలో అడగగలిగినంత సూటిగా అడిగాడు. మా ఊళ్ళో పుట్టిన ఏ నర్సయినా ఆ మాట వింటే చేతిలో పని ఆపేసి ఉండేది.

డాక్టర్ ట్రెంబ్లే నవ్వాడు. దయగానే నవ్వాడు. "మే నెలలోనా? వద్దండీ, బరువు పనులు పెట్టుకోకండి. ఆ చల్లటి నీళ్ళలో దిగడం అసలే వద్దు. ఎవరైనా కుర్రాళ్ళకి అప్పజెప్పండి. మీరు ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని పని చెప్పండి, ఎవరు కాదంటారు?"

ఆర్వో భుజాలు కిందికి దిగాయి. వేసవి మొదలైనప్పటి నుంచి అవి అలా దిగడం నేను చూడలేదు. నా వైపు తిరిగాడు. కళ్ళలో వెలుగు. "విన్నావా టీచరమ్మా? కుర్చీ అట."

డాక్టరు లేచి చేయి చాపాడు. ఆర్వో టోపీ పెట్టుకుని తన చేయి అందించబోతున్నాడు. రికార్డరు మీద దీపం వెలుగుతూనే ఉంది. నేను ఊరుకుంటే సరిపోయేది. మే నెల అతనిదై ఉండేది. ఆ మే నెలను నమ్ముకుని సోమవారం తొమ్మిదింటికి వెళ్ళి కూర్చునేవాడు.

"డాక్టరు గారూ, కూర్చోండి," అన్నాను.

అది నా తరగతి గొంతు. నాలుగో తరగతిని కూర్చోబెట్టే గొంతు. ఆయన కూర్చున్నాడు.

"ఆయన బరువుల గురించి అడగలేదు. మే నెలకి బతికి ఉంటానా అని అడిగాడు."

"సేయా," అన్నాడు ఆర్వో.

అతను నన్ను పేరు పెట్టి పిలిచేది కోపం వచ్చినప్పుడే.

డాక్టరు ముఖం నిదానంగా మారింది. నన్ను చూశాడు, రికార్డరును చూశాడు, కుర్చీ ఆర్వోకు ఎదురుగా జరుపుకున్నాడు. "ఆర్వో గారూ, మీరడిగింది అదేనా?"

ఆర్వో కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీ బయట కార్లు నిలిపే స్థలం తప్ప ఏమీ లేదు.

"అదే," అన్నాడు చివరికి.

"తెలుసుకోవాలని ఉందా మీకు?"

"ఆవిడ అడిగేసిందిగా."

"ఆవిడ సంగతి వదిలెయ్యండి. మీకు ఉందా?"

బయట నడవాలో ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆర్వో ఆగాడు.

"చెప్పండి."

"మే నెలకి మీరుంటారని నేననుకోవడం లేదు," అన్నాడు డాక్టరు. "మందు వేసుకోకపోతే క్రిస్మస్ దాకా రావడమే కష్టం. వేసుకుంటే, అది పనిచేస్తే, ఇంకొన్ని వారాలు కలుస్తాయి. పని చెయ్యకపోవచ్చు కూడా. కలిసిన వాటిలో సగం ఇక్కడికి తిరగడానికీ, ఇక్కడ పడుకోవడానికీ పోతాయి. నేను పొరబడొచ్చు. కానీ ఇంతవరకూ నేను పొరబడ్డప్పుడల్లా ఎక్కువ చెప్పే పొరబడ్డాను."

ఆర్వో తలూపాడు. కొత్త మందు గురించి విన్నప్పుడు ఊపినట్టే ఊపాడు.

"క్షమించండి," అన్నాడు డాక్టరు. "నిజంగా మీరు రేవు గురించే అడుగుతున్నారనుకున్నాను."

"మీదే ఊరు?"

"టొరంటో."

"అదీ సంగతి," అన్నాడు ఆర్వో. లేచి టోపీ సర్దుకున్నాడు.

ఇంటికి వెళ్తూ మా చిన్న ట్రక్కులో ధాన్యం గోదాములు దాటాం. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆర్వో అన్నాడు, "ట్రక్కు వెనకాల పెట్టెలు చూశాను."

గురువారమే రెండు పెట్టెలు సర్ది ట్రక్కులో పెట్టాను. మందపాటి బొంతలు, లాంతరు, కాఫీ డబ్బాలు, అతని ఉన్ని మేజోళ్ళు.

"జవాబు రాకముందే సర్దేశావు."

"నీకు తెలియాలని అడిగాను ఆర్వో."

"అబ్బో. నాకు తెలియాలని. నీకు కావాల్సిన జవాబు నా చేత చెప్పించాలని కాదూ?"

"కాదు."

"పిల్లల దగ్గర కూడా ఇంతేనా? బోర్డు మీద జవాబు రాసేసి, దాని ముందు నిలబడి లెక్క చెయ్యమంటావా?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. దీపం ఎప్పుడు పచ్చగా మారిందో నేను చూడలేదు.

ఆ సాయంత్రం అతను సూపు రెండు చెంచాలు తాగి గదిలోకి వెళ్ళిపోయాడు. శనివారం ఉదయం మెట్రో కూజిక్ ఇంటికి నడిచి వెళ్ళాడు. మెట్రో ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన మనిషి, గొంతులో జబ్బు. వేసవంతా సోమవారాలు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో మందెక్కించుకుంటూ పేకాడేవారు. మధ్యాహ్నం ఇంటికి వచ్చాక కూడా నాతో మాట్లాడలేదు. కాఫీ ఇస్తే తాగాడు. నేను ట్రక్కులో పెట్టెలు దింపలేదు. అతను దింపమనలేదు. దాన్ని బట్టి నేను ఆశ పెట్టుకున్నాను. వాతావరణం వార్తల్లో ఉత్తరాన మంచు మొదలైందన్నారు. ఆదివారమే బయలుదేరితే దారి ఉంటుందని లోలోపల లెక్క వేసుకుంటున్నాను.

సాయంత్రం, ప్రతి శనివారంలాగే, నేలమాళిగలో ఉన్న సౌనాను, మా ఆవిరి స్నానాల గదిని, వేడి చేశాను. వస్తాడో రాడోననుకున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. పై బల్ల ఎక్కే ఓపిక లేక కింది బల్ల మీద కూర్చున్నాడు. నేనూ కిందే కూర్చున్నాను. అతని పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కాగిన రాళ్ళ మీద కొద్దిగానే నీళ్ళు పోశాను.

"ఇంకా పొయ్యి," అన్నాడు. "నేనేం గాజుబొమ్మనా?"

ఇంకో ముంత పోశాను. ఆవిరి పైకి లేచి, కప్పుకు తగిలి, మా మెడల మీదికి దిగింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"సోమవారం వెళ్తున్నాను," అన్నాడు.

"సోమవారం దాకా ఎందుకు? రేపే వెళ్దాం. మంచు..."

"ఆసుపత్రికి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను కళ్ళు తెరవలేదు.

"ఆయన చెప్పింది విన్నావుగా," అన్నాను. "సగం వారాలు అక్కడే పోతాయి."

"మిగతా సగం ఉన్నాయిగా."

"అసలు పని చేస్తుందో లేదో."

"అదీ విన్నాను."

"ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఆర్వో! వాంతులు చేసుకుంటూ. క్యాంపులో అయితే సరస్సు..."

"సరస్సు చూశాను," అన్నాడు. "యాభై ఏళ్ళు చూశాను. బాగుంటుంది. నేనేం కాదన్లేదు." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాకింకా చాలలేదు సేయా. అంతే. ఎక్కడన్నది కాదు. ఆ కుర్చీలోనైనా సరే. ఆ కార్లు కనబడే కిటికీ దగ్గరైనా సరే. మెట్రోగాడు నన్ను మోసం చేసి గెలుస్తున్నా సరే. మా నాన్న సగం కట్టెలతో సరిపెట్టుకున్నాడు. అది ఆయన గొప్ప. నాకు అలా రావట్లేదు."

నేను ముప్పై ఏళ్ళు పైగా ఆ మనిషితో ఉన్నాను. అతను సరస్సు మనిషి అని అందరికీ చెప్పేదాన్ని.

"అయితే నేను అడగకపోయినా నువ్వు వెళ్ళేవాడివే," అన్నాను.

"వెళ్ళేవాణ్ణే. కానీ మే నెల ఉందనుకుని వెళ్ళేవాణ్ణి. ఒక్కో వారం పాడైపోతున్నా పోనీలే అనుకునేవాణ్ణి." అప్పుడు కళ్ళు తెరిచాడు. "నాకు కోపం ఇంకా పోలేదు. అది నువ్వు తెలుసుకో."

"తెలుసు."

"నీళ్ళు పొయ్యి మరి."

ఆదివారం అతను పడుకున్నప్పుడు పెట్టెలు దింపాను. బొంతలు మళ్ళీ అల్మారాలో పెట్టాను. సోమవారం తొమ్మిదింటికి తీసుకువెళ్ళాను. మెట్రో అప్పటికే చేతికి గొట్టం పెట్టించుకుని పేకలు కలుపుతున్నాడు.

"ఏరా ఫిన్నోడా, క్యాంపుకి పారిపోయావనుకున్నానే!"

"నీకు బాకీ ఉంచి ఎక్కడికి పోతాను? పంచు."

"ఇంతకీ చెప్పాడా మీ డాక్టరు?"

"చెప్పాడు. పంచరా ముందు."

మెట్రో ఒక్క క్షణం అతన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పేకలు పంచాడు.

మందు మొదట పనిచేసింది. నోరు పూసి నెల రోజులు చల్లారిన గంజి తప్ప ఏదీ మింగలేకపోయాడు. వేళ్ళు తిమ్మిరెక్కి పేకలు జారిపోతుంటే మెట్రో వాటిని చెక్క ముక్కకు గాడి కొట్టి నిలబెట్టి ఇచ్చాడు. మంచి రోజులు ఉండేవి. ఆ రోజుల్లో ముందు గదిలో కూర్చుని, వీధిలో మంచు తోసే బండివాడికి ఆ పని ఎలా చెయ్యాలో కిటికీ లోంచి చెప్పేవాడు. వాడికి వినబడేది కాదు. క్రిస్మస్ దాటింది. జనవరి సగం దాటింది. ఒక సోమవారం మందెక్కించుకుని వచ్చాక జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చారు. వారం తిరిగాక, నాలుగో అంతస్తులో, నేను పక్కన ఉండగా పోయాడు. కిటికీ బయట కార్లే ఉన్నాయి.

మార్చిలో కొలీన్ ఫోను చేసింది. ముందు సానుభూతి చెప్పింది. తర్వాత, నాకు అభ్యంతరం లేకపోతే పరిశోధన కోసం చివరి ప్రశ్నలు కొన్ని ఉన్నాయంది. అభ్యంతరం లేదన్నాను.

"ఆర్వో గారు ఎక్కడ పోయారు, ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?"

"ఆసుపత్రిలో."

"చివరి రెండు వారాల్లో మందు ఎక్కించారా?"

"ఎక్కించారు."

"చివరి నెలలో అత్యవసర విభాగానికి..."

"వెళ్ళాం."

ఒక్కో జవాబుకూ ఆమె నొక్కుతున్న మీట చప్పుడు వినబడుతోంది. నేను బడిలో ఎన్నో జవాబుపత్రాలు దిద్దాను. మార్కులు పడుతున్నాయో పోతున్నాయో దిద్దేవాళ్ళ చేతి చప్పుడును బట్టి తెలుస్తుంది.

"కొలీన్, ఒకటి అడగనా? ఇలా జవాబులు వచ్చినవాళ్ళను మీరు ఏ లెక్కలో వేస్తారు?"

"నేను చెప్పకూడదండీ."

"నువ్వు చెప్పావని నేనెవరికీ చెప్పను."

"ఆఖరి రోజుల్లో మందెక్కించుకున్నా, ఆసుపత్రిలో పోయినా..." గొంతు తగ్గించింది. "సరైన వైద్యం అందనివాళ్ళ కింద లెక్కండీ. అందరినీ కలిపి చూసినప్పుడు అది సబబైన లెక్కే. చాలామందికి అలా జరగాలని ఉండదు. తెలియక జరుగుతుంది."

"అతనికి తెలుసు."

"తెలుసండీ. ఆ రికార్డు నేను విన్నాను. రెండుసార్లు విన్నాను."

"అయితే మీరు నేర్పినా లాభం లేకపోయిందని అతని వల్ల తేలుతుందన్నమాట."

"ఒక్క మనిషి వల్ల ఏదీ తేలదండీ. వందల మంది ఉన్నారు."

వాళ్ళు మంచి పనే చేస్తున్నారు. నేనూ అదే నమ్మాను. తెలిస్తే ఇంటికి పోతారని లెక్క వేసినవాళ్ళలో నేనే మొదటిదాన్ని.

"ఇంకొక్కటే ఉంది," అంది కొలీన్. "ఆయనకు అందిన వైద్యం ఆయన కోరుకున్నట్టే జరిగిందా? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి."

నాకు చాలా అంకెలు తోచాయి. నల్లబడ్డ అతని పెదవులు గుర్తొచ్చాయి. అల్మారాలో పెట్టిన బొంతలు ఇప్పటికీ మడత విప్పలేదు.

"ఆయన కోరుకున్నట్టా, నేను కోరుకున్నట్టా?"

"ఆయన."

"పది," అన్నాను.

మీట చప్పుడు వినబడలేదు. ఆమె నాకు ఇంకా సమయం ఇస్తోందని అర్థమైంది.

"పదే రాయమ్మా," అన్నాను.

రాసింది.